ఎస్టోనియన్, లాట్వియన్ సమాజాలలో చురుకుగా ఉండే విద్యార్థులకు ఉపకార వేతనాలు: దరఖాస్తులో ఏం రాయాలి?

వంశధార (మిస్సిసాగా)

సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మాయి వచ్చే సెప్టెంబరులో విశ్వవిద్యాలయంలో చేరబోతోంది. నా భార్య లాట్వియన్ కుటుంబంలో పుట్టింది. ఆమె తాతగారు, అమ్మమ్మగారు రెండవ ప్రపంచయుద్ధం తరువాత జర్మనీలోని శరణార్థి శిబిరం నుంచి కెనడాకు వచ్చారు. అమ్మాయి చిన్ననాటి నుంచి టొరంటోలో శనివారాలు నడిచే లాట్వియన్ బడికి వెళ్ళింది. ఇప్పుడు అదే బడిలో చిన్న పిల్లలకు పాటలు నేర్పడంలో ఉపాధ్యాయులకు సాయపడుతోంది, వేసవిలో సిద్రబెనె అనే లాట్వియన్ శిబిరంలో పనిచేస్తోంది, జానపద నృత్య బృందంలో కూడా ఉంది.

టొరంటోలోని ఎస్టోనియన్, లాట్వియన్ పరపతి సంఘాలు విలీనమై ఏర్పడిన నార్తర్న్ బర్చ్ క్రెడిట్ యూనియన్, ఆ రెండు సమాజాలలో చురుకుగా పాల్గొనే విద్యార్థులకు ఉపకార వేతనాలు ఇస్తోంది. దానికి దరఖాస్తు చేయాలనుకుంటున్నాము. చురుకుదనాన్ని ఎలా చూపించాలి? ఇంటిపేరు తెలుగుది కావడం, లాట్వియన్ భాష ధారాళంగా కాకుండా ఒక మాదిరిగా మాత్రమే రావడం అడ్డవుతాయా? అమ్మాయి కూచిపూడి కూడా నేర్చుకుంది, తెలుగు సంఘం ఉగాది వేడుకలలో పనిచేసింది. ఆ సంగతి రాయాలా, వదిలేయాలా? తెలిసినవారు చెప్పగలరు.

పద్మజ (టొరంటో)

వంశధార గారూ, నేను ఎస్టోనియన్ కుటుంబానికి కోడలిని. మా వారి బంధువుల పిల్లలు ఇటువంటి దరఖాస్తులు పెట్టుకున్నప్పుడు వారికి రాతలో సాయపడ్డాను కాబట్టి కొంత చెప్పగలను.

ఒక పరపతి సంఘం ఈ డబ్బు ఎందుకు ఇస్తోందో తెలిస్తే ఏం రాయాలో దానంతట అదే తెలుస్తుంది. 1944 శరత్కాలంలో సోవియట్ సైన్యం తిరిగి వస్తున్నదని తెలిసి ఎస్టోనియా నుంచి సుమారు 70 వేల మందికి పైగా, లాట్వియా నుంచి లక్షకు పైగా జనం పడమటికి పారిపోయారు. కొందరు పడవల మీద స్వీడన్ చేరారు, చాలామంది జర్మనీలో శరణార్థి శిబిరాలలో ఏళ్ళ తరబడి ఉన్నారు. 1946 జనవరిలో స్వీడన్ ప్రభుత్వం కొందరు బాల్టిక్ (ఎస్టోనియా, లాట్వియా, లిథువేనియా) సైనికులను సోవియట్ యూనియన్‌కు అప్పగించడంతో, అక్కడ తలదాచుకున్న ఎస్టోనియన్లకు కూడా నిద్ర కరవైంది. చిన్న చిన్న పాత ఓడలు కొని అట్లాంటిక్ దాటడానికి సిద్ధపడ్డారు. ‘వాల్‌నట్’ అనే ఓడ 347 మందితో 1948 డిసెంబరులో కెనడాలోని హాలిఫాక్స్ రేవుకు చేరింది.

అలా వచ్చినవారికి ఇక్కడి బ్యాంకుల్లో పరపతి లేదు, హామీ ఉండేవారు లేరు. 1954లో టొరంటో ఎస్టోనియన్లు తమ పొదుపును తామే కూడబెట్టుకొని పరపతి సంఘం పెట్టుకున్నారు. లాట్వియన్లు కూడా అదే దారి పట్టారు. ఇల్లు కొనుక్కోవడానికీ, ప్రార్థనామందిరం కట్టుకోవడానికీ, పిల్లల వేసవి శిబిరాలకు స్థలం సంపాదించుకోవడానికీ సొంత జనం కూడబెట్టిన డబ్బే ఆధారమైన కాలం అది. ఉపకార వేతనం కూడా ఆ పొదుపు నుంచి వచ్చినదే కాబట్టి, ఈ బడి, ఈ శిబిరం, ఈ గాయక బృందం మరో తరానికి నడవడంలో మీ అమ్మాయి చేయి ఎక్కడ ఉందో వారికి తెలియాలి.

ఇంటిపేరు గురించి దిగులు పెట్టుకోకండి. మూడవ, నాలుగవ తరం వచ్చేసరికి తల్లిదండ్రులిద్దరూ ఒకే మూలం వారైన పిల్లలు శిబిరాలలో తక్కువే. మా పిల్లల శిబిరంలో చైనీయ, ఇటాలియన్, యుక్రేనియన్ ఇంటిపేర్లు ఎన్నో ఉన్నాయి.

భాష ఎంత వస్తే అంతే రాయండి. చిన్న పిల్లలకు పాట నేర్పగలిగినంత వచ్చు, పెద్దవారితో మాట్లాడేటప్పుడు తడుముకుంటుంది అని నిజాయితీగా రాస్తే అది బలమే అవుతుంది.

సహకారి (కరీంనగర్)

నేను సహకార సంఘాలలో పనిచేసి విరమించినవాడిని. పద్మజ గారు చెప్పిన చరిత్ర నాకు చాలా దగ్గరగా అనిపించింది. వారు టొరంటోలో సంఘం పెట్టుకున్న రెండేళ్ళకు, 1956లో, మా పాత కరీంనగర్ జిల్లాలోని ముల్కనూరులో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి గారు రైతులతో పరపతి సంఘం పెట్టారు. ఇక్కడ రైతులు, అక్కడ శరణార్థులు. అయినా సభ్యుల డబ్బుతో సభ్యుల అవసరాలు తీర్చుకోవడం అనే పద్ధతి ఒకటే.

ఇందులో వంశధార గారికి పనికివచ్చే విషయం ఒకటుంది. పరపతి సంఘాలు ఇచ్చే ఉపకార వేతనాలలో చాలా చోట్ల విద్యార్థి గానీ తల్లిదండ్రులు గానీ సభ్యులై ఉండాలన్న నియమం ఉంటుంది. సంఘం తన మిగులును ఎవరి కోసం ఖర్చు చేస్తున్నదో మహాసభలో లెక్క చెప్పాలి, అందుకే ఆ నియమం. కాబట్టి మొదట సభ్యత్వం సంగతి చూసుకోండి. మొత్తం, గడువు, దరఖాస్తు పత్రం ఏ ఏడాదికి ఆ ఏడాది ప్రకటనలో వస్తాయి. ఎవరో దాచి ఉంచిన నిరుటి పత్రం నింపి పంపవద్దు.

కూచిపూడి విషయంలో మాత్రం నా సలహా వదిలేయమనే. అడిగినది ఒకటైతే చెప్పేది మరొకటి కాకూడదు. కాగితంలో ఉన్న కొద్దిపాటి చోటును లాట్వియన్ బడికీ శిబిరానికీ కేటాయించండి.

చరిత్ర మాష్టారు (విజయనగరం)

చర్చ ఆసక్తికరంగా ఉంది కానీ నాకొక అభ్యంతరం ఉంది. ఉపకార వేతనం అనేది చదువుకోలేని స్థితిలో ఉన్న పిల్లవాడికి అందవలసిన సాయం అని నా నమ్మకం. నా ఉద్యోగ జీవితంలో సంక్షేమ వసతిగృహాల పిల్లలను చూశాను. ఒక్క విడత డబ్బు ఆలస్యమైతే చదువు ఆగిపోయేవారు వారు. నృత్య బృందంలో ఉన్నందుకు, వేసవి శిబిరానికి వెళ్ళినందుకు డబ్బు ఇస్తే, శిబిరానికి రుసుము కట్టలేని కుటుంబం పిల్లలు, సాయంకాలాలు దుకాణంలో పనిచేసే పిల్లలు ఎక్కడికి పోవాలి? చురుకుగా ఉండడానికి కూడా తీరిక, కారు, పెట్రోలు కావాలి కదా.

అనూరాధ (హాలిఫాక్స్)

మాష్టారి ప్రశ్నకు దూరాన్ని కూడా కలపాలి. నేను ఉండే ఊరు ఆ ‘వాల్‌నట్’ ఓడ ఆగిన ఊరే. ఓడ దిగినవారిలో చాలామంది మాంట్రియల్, టొరంటోల వైపు వెళ్ళిపోయారు. ఇక్కడ మిగిలిన ఎస్టోనియన్ కుటుంబాలు కొద్ది. మా పొరుగింటి అబ్బాయికి వారపు బడి లేదు, గాయక బృందం లేదు, ఒంటారియోలోని యోయెకారు అనే ఎస్టోనియన్ శిబిరానికి వెళ్ళాలంటే విమానం ఎక్కాలి. టొరంటోలో బ్లూర్ వీధికి నడిచి వెళ్ళగలిగే దూరంలో ఉన్న పిల్లలతో ఆ అబ్బాయిని ఒకే కొలతతో కొలవడం న్యాయం కాదు. ఆ అబ్బాయి మాత్రం నాయనమ్మ దగ్గర ఉన్న పాత ఉత్తరాలను ఆమెతో కలిసి చదివి, ఒక్కొక్కటి స్కాన్ చేసి, ఇంగ్లీషులో వివరాలు రాసి పెట్టాడు. అది కూడా సమాజానికి చేసిన పనే అని నేను గట్టిగా నమ్ముతాను.

కూచిపూడి విషయంలో సహకారి గారితో ఏకీభవించలేకపోతున్నాను. రెండు సమాజాలలో పెరిగి, రెండింటికీ పనిచేసిన పిల్ల అన్న సంగతి దాచవలసినది కాదు. ఒక వాక్యం రాస్తే నష్టం లేదు.

పద్మజ (టొరంటో)

మాష్టారూ, మీ బాధ నాకు అర్థమవుతోంది. అయితే ఇక్కడ రెండు రకాల సాయాలు ఉన్నాయి. ఒంటారియోలో కుటుంబ ఆదాయాన్ని చూసి ఇచ్చే ప్రభుత్వ విద్యా సహాయం వేరే ఉంది. అది ఏ సమాజం వారికైనా అందుతుంది. ఈ చిన్న నిధులు దాని స్థానంలోకి రావు. తమ భాష తరువాతి తరానికి అందుతుందా అన్న భయం ఉన్న కొద్దిమంది జనం, ఆ పని భుజాన వేసుకున్న పిల్లలకు ఇచ్చే గుర్తింపు ఇది. ఎస్టోనియా దేశమంతా కలిపినా జనాభా 14 లక్షల లోపు, లాట్వియా 19 లక్షల లోపు. మన 2011 జనగణనలో తెలుగు మాతృభాషగా చెప్పినవారే 8 కోట్ల మందికి పైగా ఉన్నారు కాబట్టి ఆ భయం మనకు వెంటనే తట్టకపోవచ్చు.

అయినా మీరు అన్న తీరిక విషయం నిజం. దానికి జవాబు ఎంపిక చేసేవారి చేతిలోనే కాదు, దరఖాస్తు రాసేవారి చేతిలో కూడా ఉంది. సాయంకాలాలు పనిచేసే పిల్ల ఆ మాట రాయాలి. వారానికి ఇన్ని గంటలు ఉద్యోగం చేస్తూ కూడా శనివారం ఉదయం బడికి వచ్చాను అంటే, చదివేవారు ఆ శనివారానికి విలువ కడతారు. అనూరాధ గారి పొరుగు అబ్బాయి కూడా అంతే. అతడు చేసిన పనికి టొరంటోలో చోటు ఉంది. టార్టు కాలేజీలో ప్రవాస ఎస్టోనియన్ల మ్యూజియం ఉంది. ఇటువంటి ఉత్తరాలు, ఫొటోలు, దస్తావేజులు అక్కడ భద్రపరుస్తారు. ఆ పత్రాలను ఆ మ్యూజియానికి చూపించమనండి.

టార్టు కాలేజీ పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. అది 1970లో బ్లూర్ వీధి మీద కట్టిన విద్యార్థి వసతి భవనం. రూపకర్త ఎల్మార్ టాంపోల్డ్ స్వయంగా ఎస్టోనియన్ శరణార్థి. ఏ దేశం విద్యార్థులైనా అక్కడ అద్దెకు ఉండవచ్చు. ఆ అద్దె రాబడి ఎస్టోనియన్ సాంస్కృతిక కార్యక్రమాలకు ఆధారమైంది. టొరంటో విశ్వవిద్యాలయంలో ఎస్టోనియన్ అధ్యయన పీఠం కూడా ఆయన పేరు మీదే ఉంది. డబ్బును పంచేసి ఊరుకోకుండా, ఏటేటా డబ్బు పుట్టే ఆస్తిని కట్టిపెట్టిన ముందుచూపు చూస్తే నాకు ఎంతో గౌరవం కలుగుతుంది.

టార్టు విద్యార్థి (టార్టు, ఎస్టోనియా)

నేను గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ ఎం.ఎస్. చదువుతున్నాను. మన విద్యార్థులు లాట్వియా రాజధాని రీగాలోనూ ఇక్కడా చాలామంది ఉన్నారు కాబట్టి, ఈ చర్చ చదివి మనం కూడా దరఖాస్తు చేయవచ్చనుకునేవారికి ముందుగా చెబుతున్నాను: వారసత్వ సమాజాల నిధులు మన కోసం కావు. విదేశీ విద్యార్థులకు ఆయా ప్రభుత్వాలు, విశ్వవిద్యాలయాలు ఇచ్చే ఉపకార వేతనాలు వేరు. బాల్టిక్ అమెరికన్ ఫ్రీడమ్ ఫౌండేషన్ పేరు కూడా కొందరు ఇక్కడ కలిపేస్తుంటారు. అది 2010లో ఏర్పడింది. ఎస్టోనియా, లాట్వియా, లిథువేనియా దేశాల పౌరులను అమెరికాకు చదువుకో, ఉద్యోగానుభవానికో పంపడం దాని పని. కెనడాలో డిగ్రీ చదవబోయే అమ్మాయి అవసరం అక్కడ తీరదు.

వంశధార గారి అమ్మాయికి పనికివచ్చేది మరొకటి ఉంది. సోవియట్ ఆక్రమణ వల్ల దేశం విడిచిపోయిన లాట్వియన్ పౌరుల సంతతి తమ పౌరసత్వం నమోదు చేసుకోవడానికీ, దానితోపాటు రెండవ పౌరసత్వం ఉంచుకోవడానికీ 2013 అక్టోబరు నుంచి అమలులోకి వచ్చిన సవరణ వీలు కల్పించింది. అమ్మమ్మగారి వైపు పాత పత్రాలు ఉంటే వెతకండి. లాట్వియన్ పౌరురాలైతే యూరోపియన్ యూనియన్‌లో ఎక్కడైనా ఆ హోదాతో చదువుకోవచ్చు. 2019లో అమలులోకి వచ్చిన డయాస్పోరా చట్టంలో కూడా ప్రవాసుల భాష, చదువు, తిరిగి రావడం వంటి విషయాలను రాజ్యం బాధ్యతగా చేర్చారు. ఎస్టోనియాలోనైతే ఎస్టోనియన్ భాషలో పూర్తికాలం డిగ్రీ చదివేవారికి 2013 నుంచి రుసుము లేదు. శనివారపు బడిలో నేర్చుకున్న ఎస్టోనియన్ ఇక్కడికి వచ్చేసరికి నేరుగా డబ్బుగా మారుతుందన్నమాట.

విద్యార్థులకూ జాతి జీవితానికీ ఈ దేశాలలో ఉన్న బంధం నాకు ఇక్కడికి వచ్చాకే తెలిసింది. ఎస్టోనియా జాతీయ జెండాలోని నీలం, నలుపు, తెలుపు రంగులు మొదట ఈ ఊరి ఎస్టోనియన్ విద్యార్థి సంఘం జెండావి. 1884లో ఒటెపాలో ఆ జెండాను ఆవిష్కరించారు; దేశం ఏర్పడింది 1918లో. ఇక్కడ పాటల పండుగ కూడా మొదలైంది ఈ ఊరిలోనే, 1869లో, రీగాలో 1873లో. గాయక బృందంలో ఉన్నాను అని ఒక విద్యార్థి రాస్తే అది కాలక్షేపంగా చదివేవారు ఇక్కడ ఎవరూ ఉండరు.

చరిత్ర మాష్టారు (విజయనగరం)

పద్మజ గారి వివరణతో నా అభ్యంతరం సగం తీరింది. తీరిక లేని పిల్లల మాట ఎంపిక సంఘాలే తమ పత్రంలో అడగాలని, ఆ భారం పిల్లల మీద వేయకూడదని ఇప్పటికీ అంటాను. కానీ ఇటువంటి నిధుల వెనుక ఉన్న ఆలోచనకు చరిత్రలో ఫలితం కనబడుతున్నది, ఒప్పుకోవాలి. వైరా వీకె-ఫ్రైబెర్గా 1937లో రీగాలో పుట్టి, ఏడేళ్ళ వయసులో దేశం విడిచి, జర్మనీ శిబిరాలలోనూ మొరాకోలోనూ పెరిగి, 1954లో కెనడా చేరి, బ్యాంకులో ఉద్యోగం చేస్తూ టొరంటో విశ్వవిద్యాలయంలో చదువుకున్నారు. తరువాత మాంట్రియల్‌లో మనస్తత్వశాస్త్ర ఆచార్యులుగా ఉంటూనే లాట్వియన్ జానపద గీతాల మీద పరిశోధన చేశారు. 1999 నుంచి 2007 వరకు లాట్వియా అధ్యక్షులు ఆమే. ఎస్టోనియాకు 2006 నుంచి పదేళ్ళు అధ్యక్షుడుగా ఉన్న టోమస్ హెండ్రిక్ ఇల్వెస్ స్టాక్‌హోమ్‌లో పుట్టి న్యూజెర్సీలో పెరిగినవారు. అర్ధశతాబ్దం సొంత దేశం లేకుండా ఉన్న సమాజాలు తమ పిల్లలను ఎలా తయారుచేసుకున్నాయో ఆలోచిస్తే, మన దగ్గర వసతిగృహాలతో పాటు ఇటువంటి గుర్తింపు కూడా ఉండాలనిపిస్తున్నది.

మనబడి గురువు (న్యూజెర్సీ)

నేను 2007లో మొదలైన సిలికానాంధ్ర మనబడిలో వారాంతాలలో తెలుగు చెబుతున్నాను. మాకు ఎదురయ్యే పెద్ద కష్టం పదమూడు, పద్నాలుగేళ్ళ వయసు. పిల్లలు చిన్నప్పుడు తల్లిదండ్రుల చేయి పట్టుకొని వస్తారు, హైస్కూలుకు రాగానే మానేస్తారు. విశ్వవిద్యాలయానికి వెళ్ళే వయసులో ఉపకార వేతనం ఉందని తెలిస్తే, మధ్యలో మానేయబోయిన వారిలో కొందరైనా నిలుస్తారా? ఎస్టోనియన్లు, లాట్వియన్లు ఈ వయసు పిల్లలను ఎలా నిలబెట్టుకుంటున్నారు?

పద్మజ (టొరంటో)

గురువుగారూ, డబ్బు ఒక్కటే నిలబెట్టదు. నేను చూసినంతలో వారిని నిలబెట్టేది, ఆ వయసులోనే వారి చేతికి బాధ్యత ఇవ్వడం. శిబిరంలో పద్నాలుగేళ్ళ పిల్ల చిన్నవారి గుడిసెకు సహాయకురాలవుతుంది, పదహారేళ్ళకు ఒక బృందానికి నాయకురాలవుతుంది, తరువాత వంటశాల నుంచి చలిమంట కార్యక్రమం వరకు ఏదో ఒకటి పూర్తిగా తానే నడుపుతుంది. దానితోపాటు స్నేహాలు కుదురుతాయి. ఉపకార వేతనం ఆ దారి చివర వచ్చే గుర్తింపు. ఒంటారియోలో హైస్కూలు పట్టా రావాలంటే 40 గంటల సమాజసేవ తప్పనిసరి. ఆ గంటలను చాలామంది పిల్లలు సొంత బడిలోనూ శిబిరంలోనూ పూర్తి చేస్తారు. మీ బడిలో పై తరగతుల పిల్లలకు చిన్న తరగతులలో నిజమైన పని అప్పగించి చూడండి.

వంశధార (మిస్సిసాగా)

అందరికీ కృతజ్ఞతలు. ప్రకటన చూశాము, సభ్యత్వం నా భార్యకు చాలా కాలం నుంచే ఉంది. అమ్మాయి మొదటి ప్రతి రాసింది. అందులో మొదటి సగమంతా ముత్తాత, ముత్తవ్వలు రీగా విడిచి ఎలా వచ్చారో ఉంది. తరువాత బడి, శిబిరం, నృత్యం ఒక్కొక్క వాక్యంలో ఉన్నాయి. చివర కూచిపూడి ప్రస్తావన ఉంది. నాకు చదవడానికి బాగుంది కానీ మీ అభిప్రాయం కావాలి. సిఫారసు లేఖ మా అత్తగారు రాయవచ్చా? ఆవిడ ఆ బడిలో చాలా ఏళ్ళు పనిచేశారు.

పద్మజ (టొరంటో)

అత్తగారి లేఖ వద్దు. ఆవిడ ఎంత నిజం రాసినా చదివేవారు మనుమరాలి గురించి అమ్మమ్మ రాసినదిగానే చూస్తారు. ఇప్పుడు అమ్మాయి సాయపడుతున్న తరగతి ఉపాధ్యాయురాలిని అడగండి.

1944 నాటి కథను రెండు వాక్యాలకు తగ్గించమనండి. అది గొప్ప కథే, మనసు కదిలించే కథే. కానీ ఆ దరఖాస్తులు చదివేవారి ఇళ్ళలో కూడా అదే కథ ఉంది, దరఖాస్తు చేసే ప్రతి విద్యార్థి ఇంటిలోనూ ఉంది. మీ అమ్మాయి మాత్రమే రాయగలిగినది తాను చేసిన పని. ఏ వయసు పిల్లలకు నేర్పింది, ఏ పాట దగ్గర పిల్లలు ఇబ్బంది పడ్డారు, దాన్ని ఎలా దాటించింది, బడి వేడుకలో వారు ఎలా పాడారు అన్నది వివరంగా రాయాలి. శిబిరంలో తన బాధ్యత ఏమిటో, నృత్య బృందంలో ఎన్నేళ్ళుగా ఉందో తేదీలతో రాయాలి. విశ్వవిద్యాలయం వేరే ఊరిలో అయితే, అక్కడి నుంచి సమాజంతో సంబంధం ఎలా నిలుపుకుంటుందో కూడా చెప్పాలి. చదువుకు వెళ్ళిన పిల్లలు మళ్ళీ కనబడరేమో అన్నది ఆ పెద్దల మనసులో ఎప్పుడూ ఉండే ప్రశ్న.

సహకారి (కరీంనగర్)

కూచిపూడి గురించి నా మాట కొంచెం సవరించుకుంటాను. అది విడిగా ఒక ఘనతలాగా వద్దు. కానీ కూచిపూడిలో నేర్చుకున్న తాళజ్ఞానం ఆ చిన్న పిల్లలకు పాట నేర్పేటప్పుడు ఉపయోగపడి ఉంటే, ఆ చోట రాస్తే అడిగినదానికే జవాబు అవుతుంది.

అనూరాధ (హాలిఫాక్స్)

నేను లెక్కల పనిలో ఉన్నాను కాబట్టి ఒక వివరం చేరుస్తాను. కెనడాలో అర్హత గల కోర్సులో పూర్తికాలం చదివే విద్యార్థికి వచ్చిన ఉపకార వేతనం మీద సాధారణంగా ఆదాయపు పన్ను ఉండదు. ఇచ్చిన సంస్థ టి4ఏ పత్రం (ఇచ్చిన మొత్తాన్ని తెలిపే పన్ను పత్రం) పంపితే కంగారు పడకుండా దాచుకోండి, పన్ను పత్రాలు నింపేటప్పుడు చూపించండి. విశ్వవిద్యాలయం ఇచ్చే రుసుము, నమోదు ధ్రువపత్రం కూడా దానితోపాటే ఉంచండి.

వంశధార (మిస్సిసాగా)

అమ్మాయి కూర్చొని మళ్ళీ రాస్తోంది. మొదటి వాక్యం ఇప్పుడు ఆరేళ్ళ పిల్లల తరగతితో మొదలవుతున్నది. ఉపాధ్యాయురాలిని ఈ శనివారం అడుగుతాము. ఆవిడకు ముందుగా ఏమైనా పంపాలా?

పద్మజ (టొరంటో)

అమ్మాయి చేసిన పనులను తేదీలతో ఒక పేజీలో రాసి పంపండి, గడువు తేదీ, లేఖ ఎవరి పేరున ఉండాలో కూడా స్పష్టంగా చెప్పండి. ఆవిడ కూడా జీతం లేకుండా, వారమంతా ఉద్యోగం చేసి శనివారం బడికి వచ్చే మనిషే అయి ఉంటారు; కనీసం మూడు వారాల వ్యవధి ఇవ్వండి.